పూజ రోజున వేలాడిన ఇంజన్

అన్నయ్యకి రైల్వేలో ఫిట్టర్ ఉద్యోగం దాదాపు వచ్చినట్టే. పరీక్ష గట్టెక్కాడు. మిగిలింది బిలాస్‌పూర్‌లో మెడికల్ టెస్టు ఒక్కటే, అదీ ఇంకో వారంలో. ఎమర్జెన్సీకి ముందు సంవత్సరం అది. నేను డిగ్రీ చదువుతున్నాను. మెడికల్ అయ్యేదాకా అన్నయ్య చేతుల మీద అమ్మ ఈగ వాలనివ్వలేదు. కొబ్బరికాయ కొట్టనిచ్చేది కాదు, స్టవ్ ముట్టుకోనిచ్చేది కాదు. పెళ్లికూతురి చేతులంటూ నేను వెక్కిరిస్తే ఆ చేతుల్తోనే నా జడ లాగేవాడు.

సరిగ్గా అప్పుడే దాపురించింది ఆ కారు.

మా రాయపూర్ శివారు భన్‌పురిలో లారీలు నడిపే ఒక సేఠ్‌ది. రెండే సీట్లు, పైకప్పు లేని విదేశీ స్పోర్ట్స్ కారు. ఎవరో జమీందారు వారసుల దగ్గర కొన్నాడట. ఇందులో కూర్చోవాలా పడుకోవాలా అని అడిగింది అమ్మ, అంత నేలబారు బండి. ఇంజన్ అడుగున ఎక్కడో టకటకమని చప్పుడు. ఊళ్లో మెకానిక్కులెవరూ దాని జోలికి పోలేదు. మా నాన్న రైల్వే వేగన్ రిపేరు షాపులో ఫిట్టరు, కష్టమైన పనంటే ప్రాణం లేచొచ్చే మనిషి. మాస్టర్‌జీ, ఇది మీ వల్ల తప్ప కాదని సేఠ్ ఇంటికొచ్చి రెండు చేతులూ పట్టుకునేసరికి ఉబ్బిపోయాడు. బండిని లారీకి కట్టి లాక్కొచ్చి మా క్వార్టర్ వెనక పెరట్లో పడేశారు. ఆ కారంటే నాకు మొదటి రోజు నుంచీ మంట. దాని పక్కనుంచి కుళాయి దగ్గరికి వెళ్లాలంటే భయం కూడా వేసేది, ఎందుకో చెప్పలేను.

చప్పుడు సంగతి తేలాలంటే ఇంజన్ మొత్తం దింపాల్సిందే. దింపడమని పేరే గాని, పైకెత్తి బయటికి తీయాలి. నాన్న మూడు సాల దుంగలు తెచ్చి, పైకొసలు కలిపి కట్టి, కాళ్లు ఎడంగా చాచి కారు మీదుగా నిలబెట్టాడు. నడుమ చైన్ కుప్పీ వేలాడదీశాడు. గొలుసు లాగుతుంటే కొంచెం కొంచెంగా బరువెత్తే కప్పీ అది.

“నువ్వు సెయ్యెట్టకు. దూరంగా నిలబడి సూడు, బస్,” అన్నాడు అన్నయ్యతో.

తుప్పు పట్టిన ఒక బోల్టు మధ్యాహ్నమంతా తినేసింది. ఇంజన్ కదిలేసరికి పొద్దు వాలింది. ముందు భాగం పైకి లేచింది గాని, వెనకున్న గేర్‌బాక్సు కారు పొట్టలోనే చిక్కుకుంది. నాన్న గొలుసు అక్కడికి ఆపి, రేపు చూద్దామనబోయి నాలిక కరుచుకున్నాడు. రేపు విశ్వకర్మ పూజ.

మా తెలుగువాళ్లకి దసరా ఆయుధ పూజ ఉండనే ఉంది. రాయపూర్‌లో పనిచేసి చేసి ఇది కూడా మాదైపోయింది. ఆ రోజు పనిముట్టు ముట్టుకోరు. కడిగి బొట్టు పెట్టి దేవుడి ముందు పెడితే మళ్లీ మర్నాడే తీయడం. తెల్లారగానే నాన్న పానాలు, సుత్తులు, గడ్డపార, జాకీ అన్నీ వరండాలో పీట ముందు పేర్చాడు. చైన్ కుప్పీని లోపలికి తేలేడు కదా, స్టూలెక్కి అక్కడే బొట్టు పెట్టి బంతిపూల దండ వేశాడు. దండ కింద నల్లగా, నూనె కారుతూ ఇంజన్. ప్రసాదానికొచ్చిన పక్కింటివాళ్లు దానికీ దండం పెట్టి వెళ్లారు. నేను మాత్రం పెట్టలేదు.

మధ్యాహ్నం వాన పట్టుకుంది. కుళాయి నీళ్లు పోయే వైపున్న దుంగ మట్టిలోకి దిగడం మొదట అమ్మ చూసింది.

“ఏటండీ, ఆ కర్ర దిగిపోతంది.”

నాన్న గొడుగేసుకుని వెళ్లి చూసొచ్చాడు. “అలగే ఉంటాది. ఏటీ అవ్వదు.”

ప్రసాదం బూందీ ఎవరికీ సయించలేదు. కాసేపటికి ఇంజన్ ఒక పక్కకి తిరిగింది. గొలుసు కిర్రుమంది.

“దించీద్దాం నాన్నా. నాలుగు లాగులు లాగితే సాలు,” అన్నాడు అన్నయ్య.

“ఇయ్యాల పనిముట్లకి ఛుట్టీ. నా సర్వీసులో ఎప్పుడూ ముట్టలేదు. నీకు మెడికల్ ముందరుంది, ఇప్పుడు అపచారం సేస్తే ఆ సెడు ఎవులికిరా?”

“మరి పడిపోతే?”

“సెక్క పెడదాం. సెక్క పనిముట్టు కాదు గదా.”

ఆ మాట తల్చుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది. గడ్డపారతో దుంగని కాస్త ఎత్తి చెక్క దూర్చడం చిటికెలో పని. గడ్డపార బొట్టు పెట్టుకుని దేవుడి ముందుంది. నాన్న రైలు పట్టాల కింద వేసే పాత స్లీపర్ చెక్క ముక్క తెచ్చి, చేత్తో తోస్తూ, కాలితో తంతూ దుంగ కిందికి దూర్చబోయాడు. ఆ కుదుపులకి ఇంజన్ ఊగసాగింది. ఊగకుండా కాస్త పట్టుకోమని నాన్నే అన్నాడు. వద్దురా అంది అమ్మ. అప్పటికే అన్నయ్య కుడిచెయ్యి కారు అంచు మీద ఆన్చి, రెండో చేత్తో ఇంజన్‌ని ఆపుతున్నాడు.

చెక్క బురదలో జారింది. దుంగ కాలు ఒక్కసారిగా పక్కకి పోయింది. ఇంజన్ ఒరిగి కారు అంచు మీద కూర్చుంది. అన్నయ్య కుడిచెయ్యి ఆ రెంటి మధ్యా ఉంది.

అన్నయ్య అరవలేదు. నాకు అందుకే ఎక్కువ భయం వేసింది. “నాన్నా, సెయ్యి,” అన్నాడు, అంతే. ముగ్గురం కలిసి తోశాం. ఇంజన్ ఇసుమంతైనా కదల్లేదు. అప్పుడు నాన్న వరండాలోకి పరిగెత్తి, పూలన్నీ చిందరవందర చేస్తూ పూజలోని జాకీ లాగి తెచ్చాడు. వానకి దాని మీద కుంకుమ కరిగి ఆయన వేళ్ల మీదుగా పారింది. జాకీతో ఎత్తితేనే చెయ్యి బయటికొచ్చింది. అంతసేపూ నాన్న క్షమించమని గొణుగుతూనే ఉన్నాడు. దేవుణ్ని అడుగుతున్నాడో, అన్నయ్యనో నాకు తెలియలేదు.

ఆస్పత్రిలో మధ్యవేలు, ఉంగరం వేలు తీసేశారు. బిలాస్‌పూర్ ప్రయాణం లేకుండా పోయింది. సేఠ్ లారీ పంపించి కారునీ ఇంజన్‌నీ విడివిడిగా పట్టుకుపోయాడు. వాటిని ఎవరు బాగుచేశారో మేం అడగలేదు.

మరుసటి ఏడాది పూజకి నాన్న పనిముట్లన్నీ కడిగి పేర్చాడు గాని, బొట్టు పెట్టడానికి చెయ్యి రాలేదు. కుంకుమ భరిణె పట్టుకుని పీట ముందు అలాగే కూర్చుండిపోయాడు. అన్నయ్య పక్కన కూర్చుని, ఆయన చేతిలోంచి భరిణె తీసుకుని, ఒక్కో పనిముట్టుకీ ఎడమచేత్తో బొట్టు పెట్టాడు. ఎడమచేత్తో పెట్టకూడదని చెప్పడానికి మా ఇంట్లో ఎవరికీ నోరు రాలేదు.