నొప్పి తెలియని చోటు

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి మేజోడు విప్పబోతే అది ఎడమ బొటనవేలికి అంటుకుపోయింది. చూస్తే పుండు. బూటు ఎప్పుడు కొరికిందో నాకు తెలియనే లేదు. కరుణమ్మ ఉండుంటే ముందే కనిపెట్టేది. నా భార్య పోయి అప్పటికి ఏడాదిన్నర. మాకు పిల్లల్లేరు. జమ్మలమడుగు ఇంట్లో నేనూ, నా షుగరూ మిగిలాం.

ప్రొద్దుటూరులో డాక్టరు గారు రిపోర్టు చూసి ముఖం చిట్లించారు. ఫాస్టింగ్ రెండు వందల ఎనభై. "ఇన్సులిన్ వేసుకుంటాండారు, మాత్రలు మింగుతాండారు. మళ్లా ఎందుకు దిగదు సార్? ఏం తింటాండారో దాచకుండా చెప్పండి" అన్నారు. ముప్పై ఏళ్లు పిల్లలకు అబద్ధమాడొద్దని చెప్పిన బడిపంతుల్ని నేను. పొద్దున జొన్నరొట్టె, మధ్యాహ్నం గుప్పెడు కొర్రన్నం, రాత్రి మళ్లీ రొట్టె అన్నాను. ఆయన నమ్మలేదు. ఇరవై యూనిట్లను ముప్పై చేశారు. నెల తర్వాత నలభై నాలుగు. షుగరు మాత్రం ఉడుంపట్టు పట్టింది. "ఇట్లే ఉంటే వేలు తీసేయాల్సి వస్తాది సార్" అని ఆయన అన్న రోజు బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

ఊళ్లోనూ అదే అనుమానం. చర్చిలో ప్రేమవిందు రోజు పక్కింటి డేవిడ్ నా విస్తరిలోకి తొంగిచూసి, "ఏంది మామా, ఇంట్లో చాటుగా పాయసం చేసుకుంటాండావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత విందులకు పోవడం మానేశాను. రెండు రొట్టెలను ఒకటి చేశాను. చేయని తప్పుకు ఒంటరిగా శిక్ష అనుభవించడం ఎంత కష్టమో చెప్పలేను.

ఒకరోజు డాక్టరు గారి ఆసుపత్రిలో పుండుకు డ్రెస్సింగ్ చేస్తూ, చాపాడు నుంచి వచ్చే నర్సమ్మ "సూది యాడ వేసుకుంటారు సార్?" అని అడిగింది. అంగీ ఎత్తి బొడ్డు పక్కన చూపించాను. ఆమె అరచేత్తో మెల్లగా తడిమింది. కరుణమ్మ పోయాక ఒక మనిషి నన్ను అట్లా తాకడం అదే మొదలు. చెప్పడానికి సిగ్గేసినా అది నిజం.

"గడ్డ కట్టింది చూడండి. రోజూ ఈడనేనా?"

"ఈడైతే నొప్పి తెలీదమ్మా."

"తెలీకుండా ఉండేది అందుకే సార్. మందు ఆ గడ్డలోనే నిలబడిపోతాంది. ఒంట్లోకి సరిగా పోవడం లే."

డాక్టరు గారు లేచొచ్చి తానూ తడిమారు. "లైపోహైపర్‌ట్రఫీ, సూది పడిన చోటే కొవ్వు గడ్డ కట్టింది. డోసు పెంచుతా పోయినానే గానీ పొట్ట చూడలేదు. తప్పు నాదే సార్" అన్నారు. ఆ మాటకు నా కోపం సగం చల్లారింది. చోటు మార్చమని చెప్పి, కొత్త చోట మందు పూర్తిగా ఒంటికి పడుతుందని డోసు ఇరవై ఆరుకు తగ్గించారు.

నాకు నమ్మకం కుదరలేదు. నలభై నాలుగుకే దిగనిది ఇరవై ఆరుకు దిగుతుందా అని, మరునాడు తొడకు నలభై నాలుగే వేసుకున్నాను. పదకొండుకల్లా చెమటలు, చేతుల వణుకు. పిలిస్తే పలికేవారు లేరు. గోడ పట్టుకుని వంటింట్లోకి పోయి, చక్కెర డబ్బా తీసి గుప్పెడు నోట్లో పోసుకున్నాను.

కాస్త కుదుటపడి అక్కడే చతికిలబడితే, తలుపు వెనక కరుణమ్మ పాత క్యాలెండరు కనిపించింది. తేదీ తేదీకీ ఆమె రాత. కు.చే, ఎ.చే, కు.తొ, ఎ.తొ. ఇన్నాళ్లూ చర్చి కూటాల గుర్తులేమో అనుకున్నాను. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, కుడి తొడ, ఎడమ తొడ. నేను పేపరు చదువుతుంటే ఆమె వచ్చి సూది వేసి పోయేది. ఎక్కడ వేస్తోందో ఒక్కనాడూ తలెత్తి చూడలేదు.

ఆ రోజు నుంచి డాక్టరు రాసిన డోసే. ఇప్పుడు ఫాస్టింగ్ నూట ముప్పై దగ్గర ఉంటోంది. వేలు దక్కింది. ఇన్సులిన్ తీసుకునేవారికి నేను చెప్పేది ఒక్కటే. సూది వేసుకునే చోటును వారానికోసారి అరచేత్తో తడిమి చూసుకోండి. ఉబ్బుగానో గట్టిగానో తగిలితే ఆ చోటు వదిలేయండి. కానీ ముందు డోసు సంగతి డాక్టరును అడగండి, నాలాగా సొంత తెలివికి పోవద్దు.

ఈ ఏడాది క్యాలెండరులో నేనూ రాస్తున్నాను. కుడి తొడ, ఎడమ తొడ, పొట్టకు అటు, ఇటు. చేతులకు వేసుకోవడం ఒక్కడికి కుదరదు. ఆ రెండూ రాయడం లేదు.