పాలవ్వ ఆవూ, నేను నింపని గడీ

అంకెను తప్ప దేనినీ నమ్మని అలవాటు నాకు ఆ రోజుల్లోనే పట్టుకుంది. 1941లో, ఇరవై రెండేళ్ల వయసున, దబీర్‌పురా దగ్గరి ఒక పశువైద్యశాలలో సహాయకుడిగా చేరాను. చొక్కా జేబులో ఎప్పుడూ మూడు వస్తువులుండేవి: థర్మామీటరు, గడియారం, గళ్లు గీసిన నోటుపుస్తకం. (పశువులకు థర్మామీటరు ఎక్కడ పెడతారో తెలిసినవారు నా జేబుకు కొంచెం ఎడంగా నిలబడేవారు.) పేటవాళ్లు నన్ను 'లెక్కల సాబ్' అనేవారు. అది గౌరవమని ఏడు నెలలు అనుకున్నాను.

ఒక్క ఎర్రావు పాలతోనే బతుకు వెళ్లదీస్తున్న పాలవ్వ ఆ వర్షాకాలం ఒక మంగళవారం వచ్చి, ఆవు తారులాగా నల్లగా పేడ వేస్తున్నదని చెప్పింది. అంతకు పది రోజుల ముందు నీరసానికని నేనే ఇనుము మందు ఇచ్చి ఉన్నాను. ఇనుము మందు తాగిన పశువు పేడ నల్లబడుతుంది. 'మందు వలన నలుపు' అని రాసి పంపించాను. బుధవారం ఆవునే తోలుకొచ్చింది. "చెవులు సల్లగున్నయ్ బిడ్డా, పండ్లు నూరుతున్నది" అంది. థర్మామీటరు నూటొకటిన్నర చూపింది. 'సాధారణం' అని రాశాను. "నీ గాజుపుల్లకు చెవులున్నయా? నువ్వు జర చెయ్యి వెట్టి సూడు" అని గొణుక్కుంటూ వెళ్లింది. చెవి చల్లదనాన్ని రాయడానికి నా పుస్తకంలో గడి లేదు.

గురువారం ఆవు లేవలేదని కబురొచ్చింది. మా వైద్యశాల పెద్ద డాక్టరు ఊళ్లు తిరిగే దౌరాలో ఉండడం వలన నేనే వెళ్లాను. చిగుళ్లు సున్నం కొట్టినట్లున్నాయి. నాడి నిమిషానికి నూటపన్నెండు. అందులో సగముండాలి. అందిన తెల్ల పింగాణీ పళ్లెంలో నీళ్లు పోసి కొంచెం పేడ కలిపాను. నలుపు చుట్టూ ఎర్రటి అంచు తేలింది. నాలుగో పొట్టలో పుండు, నెత్తురు కారుతోంది.

"అయ్యో, నేను బువ్వ తినే తల్లె గది!" అని పాలవ్వ పళ్లెం చూసి కేకపెట్టింది.

"ఇనుము మందు ఎన్నాళ్లు తాగింది?"

"అది మూతి గూడ పెట్టలే. ఎనిమిది దినాల కిందనే మోరీల పోసిన."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడిగితివా?"

అడగలేదు. ఆ నలుపు నెత్తురుదని తెలిసేలోగా రెండు రోజులు పోయాయి.

పెద్ద డాక్టరు నెత్తురెక్కించడం ఒకసారి చూసి ఉన్నాను. కబురు పంపితే, మొఘల్‌పురాలో ఎడ్లబండి తోలే భాయ్ వచ్చి తన ఎద్దును వెంటనే కట్టేశాడు. "లేలో సాబ్. రేపొక్కదినం బండి బంద్, ఆరాం చేస్తది." నాలుగు సీసాల నెత్తురు పట్టి, గడ్డకట్టకుండా మందు కలిపి ఎక్కిస్తుంటే పాలవ్వకు అనుమానమొచ్చింది. "ఎద్దు నెత్తురు ఎక్కితే ఇది పాలిస్తదా, బండి గుంజుతదా?" భాయ్ తడుముకోలేదు. "ఫికర్ చెయ్యకు అవ్వా, పాల బండి గుంజుతది." మేము ముగ్గురమూ నవ్వాము.

శుక్రవారం నాడి ఎనభైనాలుగుకు దిగింది. పిడికెడు పచ్చిగడ్డి తిన్నది. దాణా మాన్పించి, సుద్ద కలిపిన గంజి పట్టించాము. ఎనభైనాలుగు కింద రెండు గీతలు గీశాను. శనివారం పొద్దున పుండు మళ్లీ తెగింది. నాడి లెక్కకు అందలేదు. మిగిలింది ఒక్క గడి, చావు సమయం రాయవలసినది. గడియారం తీశాను.

పాలవ్వ నా వైపు చూడకుండానే అంది: "అది లోపల వెట్టు బిడ్డా. నీ లెక్క దానికి సమజ్ గాదు. చెవి పట్టుకో, లేకుంటే ఒక్కతే పోతున్నననుకుంటది."

పట్టుకున్నాను. చల్లగా ఉంది. బుధవారం కూడా ఇంతే చల్లగా ఉండి ఉంటుంది.

నా నోటుపుస్తకాలన్నింటిలో ఖాళీగా ఉన్న గడి అదొక్కటే. మొన్న, ఈ ఎనభైనాలుగేళ్ల వయసులో, దాన్ని నింపుదామని కలం మూత తీశాను. ఆ శనివారం పొద్దున తొమ్మిది దాటి ఉంటుంది. 'ఉంటుంది' అన్నది అంకె కాదు గనుక మూత బిగించాను. తరువాత, ఎవరూ చూడడం లేదని నిర్ధారించుకొని, నా చెవి నేనే పట్టుకొని చూసుకున్నాను. వెచ్చగానే ఉంది. ఎంతో మాత్రం రాసుకోలేదు.