కోటు తొడిగిన యోహాను

పిల్లల పుస్తకాలకు శిల్ప వేసిన బొమ్మలన్నీ ఒకచోట పేర్చి చూస్తే ఒక సంగతి ఎవరికైనా తెలిసిపోతుంది. రైతు, తాత, పడవ నడిపేవాడు, బడిగంట కొట్టే ముసలాయన, అందరిదీ ఒకే ముఖం. ఎత్తైన చెంపలు, లోపలికి పోయిన కళ్లు, ఒక పక్కకు దువ్విన పలచటి జుట్టు. హైదరాబాదు నుంచి ఆ పుస్తకాలు అచ్చువేసే ఆవిడ ప్రతిసారీ ఒకటే మాట రాసి పంపుతుంది: "బొమ్మ బాగుంది. తాతగారిని కొంచెం నవ్వించండి." శిల్ప ఆ తాత నోటి కొసలు రెండూ కాస్త పైకి లాగి తిరిగి పంపుతుంది. కళ్ల జోలికి మాత్రం పోదు.

గద్వాలలో బస్టాండు వెనక సందులో, మేడ మీద ఒంటి గది ఆమెది. కింద ఇంటి యజమానురాలు జానకమ్మ ఉంటుంది. గదిలో దిగిన కొత్తలో అడిగింది.

"ఏం పని జేస్తవ్ బిడ్డా?"

"బొమ్మలేస్త అత్తా."

"బొమ్మలు సరే. పనేం జేస్తవ్?"

నాలుగేళ్లయినా జానకమ్మ ఆ ప్రశ్న మానలేదు. పుస్తకాలు లేని నెలల్లో శిల్ప పెళ్లి పత్రికలకు వేసేది, విత్తనాల ప్యాకెట్లకు పత్తికాయలు వేసేది. కాయ ఇంకొంచెం పెద్దది చెయ్యమనేవారు కంపెనీవాళ్లు. చిన్నప్పుడు పరాయి పత్తి చేలల్లో విత్తనం కోసం పువ్వుకు పువ్వు రుద్దిన చేతులవి. నిజంగా కాయ ఎంతుంటుందో ఆ చేతులకు తెలుసు. అయినా పెద్దది చేసేది. పుస్తకాల్లో ఊరికి వెనక పచ్చని కొండలు కావాలన్నా వేసేది. వేస్తూ వేస్తూ, తను పుట్టిన చోటు తప్ప అన్ని ఊళ్లూ వేస్తున్నానని అనుకునేది. ఆ ఊళ్లలో తిరిగే మగవాళ్లకు తండ్రి ముఖం పెట్టడం ఒక్కటే ఆమె స్వంతంగా చేసుకునే పని.

ఆ తండ్రి, యోహాను, ఈ చలికాలంలోనే చనిపోయాడు.

రాజోలి దగ్గర ఊరు వాళ్లది. తొలకరి పడగానే బాలన్న మేస్త్రీ ముఠాతో పుణె పోయి, ఎండలు ముదిరాక వచ్చేవాడు యోహాను. ఇంట్లో ఉండేది నెల, నెలన్నర. ముప్పయ్యేళ్లు సిమెంటు దుమ్ము మింగి, చివరికి దగ్గు పట్టుకుని, రెండేళ్ల కిందట ఇంటికొచ్చేశాడు. శిల్ప చూడబోతే మంచం మీద కూర్చుని నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని మాట్లాడేవాడు. ఎవరైనా ఫోను ఎత్తి ఫొటో తీయబోతే లేచి అవతలికి పోయేవాడు. పోయిన రోజున శిల్ప బస్సు దిగి వచ్చేసరికి దవడ చుట్టూ గుడ్డ కట్టి పడుకోబెట్టారు.

వచ్చే ఆదివారం, చనిపోయినవారి ఇంట్లో జరిపే ఆదరణ కూడిక. పదిమంది వచ్చి ప్రార్థన చేసేటప్పుడు ముందు పటం ఉండాలి. ఇంట్లో దొరికింది ఆధార్ కార్డు ఒక్కటే. దాన్ని తీసుకుని అయిజలో ఫ్లెక్సీలు కొట్టే సందీప్ దగ్గరికి పోయింది శిల్ప. చొక్కా జేబులో ఏళ్ల తరబడి నలిగిన కార్డది.

"గిండ్ల ముఖమేడుందక్కా? మరకుంది," అన్నాడు సందీప్. "జర మంచి ఫొటో దే. తలకాయ ఒక్కటిస్తె చాలు, మిగిలిన మనిషి మొత్తం నా దగ్గర తయారుగున్నడు. కోటా, తెల్లంగీనా?"

కంప్యూటరులో తలలు లేని కోట్లు వరసగా చూపించాడు. శిల్ప కార్డు తిరిగి తీసుకుంది. "నేనే ఏసి తెస్త," అని బయటికి వచ్చేసింది.

ఇంటికొచ్చి చెబితే తల్లి జమ్ములమ్మ వెంటనే అంది.

"కోటే పెట్టు బిడ్డా."

"నాయన ఎన్నడన్న కోటేసిండా అమ్మా?"

"ఎయ్యలే. గందుకే పెట్టుమంటున్న."

"ఎట్లుండెనో గట్లనే ఏస్తనే. లుంగి, మెడల తువ్వాల."

"బతికినన్ని దినాలు సిమెంటు బట్టలనే ఉండె. సచ్చినంక గూడ గవే తొడుగుతవా? నీ పుస్తకాలల్ల నీకు ఇష్టమొచ్చినట్ల ఏస్కో. నా గోడకు మాత్రం పెద్దమనిషి లెక్క ఉండాలె."

బట్టలు ఎవరివైనా సరే, ముఖం మాత్రం నాయనది రావాలనుకుంది శిల్ప. ఈ పటం ఒకసారి గోడకెక్కితే, నాలుగేళ్లు తిరిగేసరికి ఇంట్లోవాళ్లకు, ఊళ్లోవాళ్లకు, తనకు కూడా నాయన అంటే ఈ ముఖమే. ఇందులో తప్పు జరిగితే దిద్దడానికి ఇంకో ఆధారం లేదు.

మూడు రోజులు ఇంటి ముందర రేకుల నీడలో కూర్చుని టాబ్లెట్ మీద వేసింది. చేతికి అలవాటైన ముఖమే కనుక త్వరగానే వచ్చింది. పుస్తకాల్లో ఎప్పుడూ పెట్టని గాటు కూడా ఈసారి పెట్టింది. పెదవి కింద, గడ్డం మీద, చింతగింజ పొడవు గాటు. జుట్టులో ఒక్కొక్క పోగూ దిద్దింది. శుక్రవారం పొద్దున తల్లిని పిలిచి చూపించింది.

జమ్ములమ్మ చాలాసేపు చూసింది. కొంగుతో తెర తుడిచి మళ్లీ చూసింది.

"ఎవలే గీనె?"

"గదేందే, నాయన!"

"కండ్లు మీ నాయనయే. ముక్కు మీ నాయనదే. అన్నీ మీ నాయనయే గని, మీ నాయన గాదు." వేలితో గడ్డం తాకింది. "గాటు గీ దిక్కు గాదు, గా దిక్కు. పాపిట గూడ గట్ల గాదు."

"నాకు బాగ యాదికుందమ్మా. కుడిదిక్కే."

"సంసారం జేసింది నేనా, నువ్వా?"

ఇద్దరికీ మాట పెరిగింది. గొడవ విని బాలన్న మేస్త్రీ పక్కింటి అరుగు మీద నుంచి లేచి వచ్చాడు. టాబ్లెట్ చేతిలోకి తీసుకోకుండా దూరం నుంచే వంగి చూశాడు.

"ఎడమదిక్కే బిడ్డా. పుణెల పరంజా కర్ర జారి తాకింది. నెత్తురు గారుతుంటె నేనే ముంగట నిలవడి గుడ్డ ఒత్తిన." కుడిచెయ్యి చాచి, ఎదురుగా ఎవరో నిలబడ్డట్టు గాలిలో చూపించాడు. "గిట్ల."

శిల్ప ఆ చెయ్యి చూసింది. అది అబద్ధం చెప్పే చెయ్యి కాదు.

మరి తను చూసిందేమిటి? కళ్లు మూసుకుంటే ఇప్పటికీ గాటు అటే ఉంది. ఎక్కడ చూసిందో గుర్తు చేసుకుంది. ఎండాకాలం పొద్దున, గుమ్మం పక్కన మేకుకు అద్దం ముక్క తగిలించి నాయన గడ్డం గీసుకునేవాడు. ఏడాదికోసారి వచ్చే మనిషి ఎదురుగా నిలబడాలంటే ఆమెకు సిగ్గు, భయం కూడా. పిలుస్తాడని, ఎత్తుకుంటాడని. అందుకని గడపలో, ఆయన వీపు వెనక కూర్చుని అద్దంలో చూసేది. తెల్లటి నురగ కింద నుంచి ముఖం కొంచెం కొంచెంగా బయటపడేది. గాటు దగ్గర కత్తి నెమ్మదించేది. ఒక్కోసారి అద్దంలో ఇద్దరి చూపులూ కలిస్తే ఆయన బుగ్గలు ఉబ్బించేవాడు, ఆమె లోపలికి పరిగెత్తేది. అదయ్యాక బట్టలు వేసుకుని కల్లుపాకకో, మేస్త్రీ ఇంటికో పోయేవాడు. నాలుగు వారాల తర్వాత పుణె బస్సు ఎక్కేవాడు.

అంతే. తండ్రిని కళ్లారా చూసింది అంతే. పదకొండు పుస్తకాల నిండా తిరుగుతున్నది అద్దంలోని మనిషి.

టాబ్లెట్‌లో బొమ్మ కుడి ఎడమలు తారుమారు చెయ్యడానికి ఒక్క వేలితో తాకితే చాలు. పుస్తకాల పనిలో రోజుకు పదిసార్లు చేసేదే. ఆ పొద్దు వేలు చాలాసేపు ఆగింది. తాకింది. ముఖం తిరిగింది.

జమ్ములమ్మ టాబ్లెట్ లాక్కుంది. "ఇగో, ఇప్పుడొచ్చిండు," అని తెరను రొమ్ముకు హత్తుకుని కూలబడి ఏడ్చింది. బాలన్న తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. తల్లి దాన్ని ఒళ్లోకి దించాక, అక్కడి నుంచి పైకి చూస్తున్న ఆ ముఖంలో తను గీయని గీత ఒక్కటీ లేదు. అయినా శిల్ప ఎంత చూసినా అతనెవరో ఆమెకు తెలియలేదు. రోడ్డు మీద ఎదురైతే తప్పుకుని పోయేదేమో.

మధ్యాహ్నం బొమ్మకు నల్లకోటు వేసింది. తల్లి అడిగితే టై కూడా కట్టింది.

ఆదివారం ఇంటి ముందు షామియానా కింద కుర్చీ మీద పటం పెట్టి చేమంతుల దండ వేశారు. పాస్టరు వాక్యం చదివాడు. ఆడవాళ్లు కన్నీళ్లతో పాట పాడారు. పాట అయ్యాక ఒక్కొక్కరే ముందుకు వచ్చి పటాన్ని చూశారు.

"కూసున్నట్టే ఉండు యోహాను," అంది ఎదురింటి ఈరమ్మ. "పిలిస్తె పల్కుతడేమో. కోటుల దొర తీర్గుండు గదనే!"

"నా బిడ్డనే ఏసింది," అంటోంది జమ్ములమ్మ వచ్చినవాళ్లందరితో. "ఫొటో గూడ లేకుండె. మొత్తం యాదికుంచుకొని ఏసింది."

"కన్నబిడ్డకు యాదికుండదానే?" అంది ఈరమ్మ.

వచ్చినవాళ్లకు నీళ్లు తెమ్మని తల్లి కేకేస్తే శిల్ప లేచింది. బిందె ఉన్నది పటానికి అవతల. దాని ముందు నుంచే పోవాలి. నాలుగడుగులు వేసి, కుర్చీలో ఎవరో కొత్త మనిషి కూర్చుని తనవైపే చూస్తున్నట్టు అనిపించి, తల మీది చున్నీ సర్దుకుని, తల వంచుకుని దాటిపోయింది.