అమ్మ చెయ్యి ఆనిన చోటు

మొన్న ఆదివారం బెంగుళూరు నుంచి కుప్పం వచ్చిన మా అమ్మాయి, చెప్పులు విడవక ముందే కొత్త తోలు హ్యాండుబ్యాగు తీసి నా ఒళ్ళో పెట్టింది. "సూడుమా, రంగు గానీ పాలిష్ గానీ ఏమీ ఎయ్యలేదు దీనికి" అని మురిసిపోయింది. వేరుశనగ పొట్టు కన్నా లేత రంగు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తంగేడు చెక్క వాసన కాదు గానీ దానికి దగ్గరి చుట్టం. అంతే, పుంగనూరులో మా పాత ఇంటి వసారాలో, చిరిగిన గౌనుతో అమ్మ పక్కన కూర్చుని ఉన్నాను.

అమ్మ మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో నర్సు. వాళ్ళ నాన్న, అంటే మా తాత, చౌడేపల్లె దగ్గర పల్లెలో తోళ్ళు పదును చేసేవాడు. కూతురికి ఉద్యోగం వచ్చిందని, తంగేడు బెరడు చెక్క వేసిన తొట్టి నీళ్ళలో నానబెట్టి తీసిన తోలుతో తనే ఒక బ్యాగు కుట్టి ఇచ్చాడు. ఊరు ఊరంతా ముక్కు మూసుకుని దాటిపోయే తొట్టిలోంచి వచ్చిన ఆ తోలు, ఇస్త్రీ చేసిన తెల్లచీర పక్కన రోజూ బస్సెక్కేది. అది తలుచుకుంటే నాకిప్పటికీ మనసు పొంగుతుంది.

సెలవు దొరికిన మధ్యాహ్నాల్లో, పొయ్యి మీద చెనిక్కాయలు ఉడుకుతుంటే, అమ్మ బ్యాగులోవన్నీ చాప మీద ఒలకబోసి, పాత వాయిల్ చీర ముక్కతో పొడిగా తుడిచేది, మురికి పట్టిన చోట నా పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్దేది, నూనె మరక పడితే ముఖానికి రాసుకునే పౌడరు చల్లి తెల్లారేదాకా వదిలేసేది, రూపు చెడకుండా లోపల పాత పేపర్లు కూరి నీడలో పెట్టేది. నీళ్ళు మాత్రం తగలనిచ్చేది కాదు. వానొస్తే బ్యాగు పైట కిందికి, నేను వానలోకి.

క్రిస్మసు పిండివంటకు నిప్పట్లు కాలుస్తుంటే తాత ఆముదం సీసా తెచ్చేవాడు. "ఇది పట్టీకుంటే తోలు పగుల్తాది మ్మా" అనేవాడు. "పట్టిస్తే నల్లబడిపోతాది నాయినా. నాకు ఈ రంగే ఇష్టం" అని అమ్మ సీసా వెనక్కి ఇచ్చేసేది. ఆ రంగు మారింది ఒక్కచోటే. బస్సులో జనం తొక్కిసలాటలో బ్యాగు మూత మీద అరచెయ్యి ఆనించి పట్టుకునేది కదా, ఆ చెమటకు అక్కడ గోధుమరంగులో వేళ్ళతో సహా చెయ్యి దిగింది. నా చెయ్యి అందులో పెట్టి చూసుకునేదాన్ని. సగం కూడా నిండేది కాదు.

ఎందరికో మందులు మింగించిన మనిషి, తన దగ్గును బస్సుల దుమ్ము మీదికి నెట్టేసింది. టీబీ అని తేలేసరికి ఆలస్యమైపోయింది. వానాకాలంలో పోయింది. సమాధుల తోట నుంచి వచ్చీరాగానే ఇరుగుపొరుగువాళ్ళు, ఆమె ముట్టినవన్నీ కాల్చేయమన్నారు. పెరట్లో పరుపు కాలింది, చీరలు కాలాయి. తరువాత బ్యాగు వంతు. నేను దాన్ని కరుచుకుని గొంతు చించుకున్నాను.

మా మేనత్త వచ్చి నా చేతుల్లోంచి లాక్కుంది. "కాల్సేది వద్దు. ఉడుకునీళ్ళతో కడిగిస్తాను, పాపకి ఉండనీండప్పా" అని వాళ్ళకు అడ్డం తిరిగింది. ఫినాయిలు కలిపిన మరిగే నీళ్ళలో ముంచి, కొబ్బరి పీచుతో తోమి, ఏడుస్తూనే మిద్దె మీద, ఆ పూట కాసిన ఎండకు పెట్టింది. సాయంత్రానికి అది ముడుచుకుని అప్పడంలా బిగుసుకుపోయింది. మంటలో పడకుండా ఆపిన మనిషిని తిట్టుకోవడానికి నాకు నోరు రాలేదు.

సమాధి దగ్గరే కూలబడిపోయిన తాత పొద్దు వాలాక ఇల్లు చేరాడు. బ్యాగును వంచి చూశాడు. అది కిర్రుమంది. "ఉడుకునీళ్ళా?" అన్నాడు. అత్త తల ఊపింది. అమ్మ చెయ్యి మాత్రం మూత మీద ఇంకా ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆముదం తెప్పించుకుని, వేలితో లోపలా బయటా నిదానంగా పట్టించసాగాడు. తోలు మెత్తబడే కొద్దీ పాత బెల్లంలా నల్లబడుతూ వచ్చింది. చెయ్యి అంచుకు రాగానే ఆగాడు.

"ఆడ పుయ్యలేదే తాతా?"

"పూస్తే అంతా కలిసిపోతాది మ్మా. మీయమ్మ చెయ్యి కనపడదు."

"పుయ్యకపోతే?"

"పగుల్తాది."

జీవితమంతా తోళ్ళతో బతికిన మనిషి, ఆ మాట అని, చిటికెన వేలితో ఒక్కో వేలి గుర్తు చుట్టూ తిప్పుకుంటూ నూనె రాశాడు.

ఇప్పుడు తాత లేడు, అత్త లేదు. తొట్టి పూడ్చిన చోట ఎవరిదో టమోటా తోట. తంగేడు పూలు పూస్తూనే ఉన్నాయి గానీ, చెక్క కోసం వచ్చేవాళ్ళు లేరు.

అమ్మాయి బ్యాగు చూశాక నేను బీరువాలోంచి పాతది తీసి చాప మీద పెట్టాను. నల్లగా, మెత్తగా, కుట్టు కూడా వదలకుండా ఉంది. మూత మీద మాత్రం, ముందు వెంట్రుకల్లాంటి పగుళ్ళు వచ్చి, తరువాత పొట్టు రేగి, ఏళ్ళ మీద పొడై రాలిపోయి, పెద్ద కంత మిగిలింది.

అమ్మాయి అందులోకి వేళ్ళు దూర్చి, "యాలమా ఇట్లయింది? ఎలుక కొరికిందా?" అంది.

"లేదు, అది మీ అమ్మమ్మ చెయ్యి" అన్నాను.