రవిక కొలతలు

యాభైల నాటి మాట. ఒంటిమిట్ట తిరునాళ్లకు పోయే బండి కోసం రాజంపేట స్టేషన్లో కూర్చున్నాం. కుట్టుమిషనుతో బయలుదేరిన ఒక దర్జీ దగ్గరికి చీర కట్టుకున్న మగమనిషి వచ్చాడు. ఒంటిమీది రవిక చంకల్లో పిగిలిపోయి ఉంది.

“ఆడోళ్ల రవికలు నాకు పట్టవప్పా. నా ఒంటికి కొలిచి ఒకటి కుట్టి ఇస్తావా?”

“దానికేం, చేతులెత్తు,” అన్నాడు దర్జీ.

ఆ మనిషి సంబరంగా చేతులెత్తాడు. దర్జీ ఛాతీ చుట్టూ టేపు పట్టి, “ఎద్దుకు రవిక కావాలంట, చూడండప్పా!” అని కేక పెట్టాడు. అందరూ పగలబడి నవ్వారు. దర్జీ టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు.

ఆ మనిషి చేతులు దించలేదు.

“చంకల కాడ రోంత వదులు పెట్టప్పా,” అన్నాడు మెల్లగా.

బండి రాగానే దర్జీ నవ్వుతూ ఎక్కేశాడు.

నన్ను ఏ దర్జీ చేతులెత్తమన్నా, ఇప్పటికీ ముందు చుట్టూ చూస్తాను.