కాలకుండా మిగిలిన ఉపాధ్యక్షుడు

ఔరియా లిందావో ఒక పెద్దమనిషి ముక్కు కొలిచి గొడవ గెలిచిన రోజు నేను పక్కనే కూర్చుని అరటికాయలు చెక్కుతున్నాను. డిసెంబరు నెల. మా వీధికి రెండు వైపులా మనిషెత్తు కాగితపు బొమ్మలు బారులు తీరి ఉన్నాయి. ఆయన ఊళ్ళో పదవి ఉన్నవాడు. తెల్లకారు దిగి తిన్నగా తన బొమ్మ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నా ముక్కు ఇంత ఉందా?" అన్నాడు.

ఔరియా చేతులు మోచేతుల దాకా పిండిజిగురులో ఉన్నాయి. "కొలుద్దాం సార్" అంది.

"ఏం కొలుస్తావు?"

"ముక్కే. మీరొకటి, నేనొకటి అనుకోవడం ఎందుకు? దారం ఉంది."

అప్పటికే జనం మూగారు. వెనక్కి తగ్గితే భయపడ్డాడంటారు. పాపం, నిలబడ్డాడు. ఔరియా దారం కొస ఆయన కనుబొమల మధ్య ఆనించి, ముక్కు చివరి దాకా లాగి, గోటితో పట్టుకుని బొమ్మ దగ్గరికి వెళ్ళింది. బొమ్మ ముక్కు అయిపోయాక కూడా దారం అర అంగుళం మిగిలింది.

"తప్పు నాదే సార్. తగ్గించి చేశాను. సాయంత్రానికి ఇంకో పొర వేసేస్తాను" అంది.

మాంసం కొట్టు ఒసియాస్ నవ్వీ నవ్వీ నేలమీద కూర్చున్నాడు. అప్పుడాయన గొంతు తగ్గించి, ఆ బొమ్మని తానే కొనుక్కుంటానన్నాడు. ఔరియా వినలేదు. "ఎవడి బొమ్మ వాడు కొనుక్కుపోతే మేం కాల్చేదేమిటి, మా పైటా?" అంది. తెల్లకారు వెళ్ళిపోయింది. బొమ్మ గంటలో అమ్ముడుపోయింది.

గువాయకిల్‌లో పాత ఏడాదిని మేం ఊరికే సాగనంపం. దానికో మొహం పెడతాం, పాత బట్టలు తొడుగుతాం, లోపల రంపపుపొట్టు కూరుతాం, ముప్పై ఒకటిన గుమ్మం ముందు తగలబెడతాం. ఆ మొహం ఆ ఏడు మనల్ని ఏడిపించినవాడిది కావచ్చు, నవ్వించినవాడిది కావచ్చు. పగ ఉంటేనే కాలుస్తారనుకునేవాళ్ళు మా ఊరివాళ్ళు కాదు.

ఔరియా ఈ పనిలోకి ముప్పై దాటాక వచ్చింది. పుట్టింది పొసోర్హాలో, చేపల రేవులో. తండ్రి వలలు అల్లేవాడు. పన్నెండేళ్ళకి పట్నంలో ఎవరింట్లోనో బట్టలు ఉతకడానికి వచ్చింది, పంతొమ్మిదికి బస్సు నడిపే ఎలెవ్తెరియోని చేసుకుంది. మనిషి మంచివాడే, ఊపిరితిత్తులే మంచివి కావు. అతను పోయినప్పుడు కూతురికి ఆరేళ్ళు. ఎలెవ్తెరియో మేనమామ మా వీధిలో బొమ్మలు చేసేవాడు. "ఆడది బట్టలు కుట్టాలి, మొహం మగవాడే చెయ్యాలి" అని నియమం పెట్టాడు. ఔరియా రెండేళ్ళు నోరు మూసుకుని చొక్కాలు కుట్టింది. మూడో ఏడు ఆయన జ్వరంతో పడుకుంటే, ఆయన మొహమే చేసి వీధిలో నిలబెట్టింది, కుడికంటి కింద పులిపిరితో సహా. ముసలాయన దుప్పటి కప్పుకుని వచ్చి చూశాడు. తర్వాత తన మట్టి అచ్చులన్నీ ఆమె ముందు పడేసి వెళ్ళి పడుకున్నాడు. అప్పటినుంచి ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ చోటు ఆమెదే. నేను చారు అమ్ముకునే పొయ్యి ఆమె పక్కది. నా కూతురికి ఆమె జ్ఞానస్నానపు తల్లి, అందుకే ఒకళ్ళనొకళ్ళం కొమాద్రె అనుకుంటాం. నా పేరు తార్హెలియా. రెండో తరగతి చదివాను, అది చాలింది.

ఇక మా దేశపు ఉపాధ్యక్షుడి సంగతి. పేరు రాయను. గోడలన్నిటి మీదా రాయించుకున్నాడు, మళ్ళీ నేనెందుకు?

గెలిచిన మొదటి ఏడు అతని బొమ్మ ఎవరూ అడగలేదు. అధ్యక్షుడి ఫోటోల్లో వెనకాల నిలబడే మనిషి, అంతే. ఔరియా ఒకే ఒక్కటి చేసింది. వచ్చినవాళ్ళు దాన్ని పక్కకి జరిపి వెనకనున్న ఫుట్‌బాల్ ఆటగాణ్ణి చూసుకున్నారు. ఒకావిడైతే దాని భుజానికి తన కూరగాయల సంచీ తగిలించి బేరమాడింది.

"తిట్టినా బాగుండేది కొమాద్రె" అంది ఔరియా. "సంచీ తగిలించారు చూడు. మనిషికి ఇంతకంటే అవమానం ఉందా?"

మూడో ఏడు కథ మారింది. అధ్యక్షుడు పరదేశంలో ఉండగా ఇతను టీవీలో కూర్చుని, వంటగ్యాసు బండ ధర పెరుగుతుందని చెప్పాడు. చెబుతూ మూడుసార్లు నీళ్ళు తాగాడు. మా పొయ్యిల మీద నీళ్ళు చల్లి తను చల్లబడుతున్నాడని ఊరు మండిపోయింది. ఆ డిసెంబరులో అందరికీ అతనే కావాలి, చేతిలో గ్లాసుతో సహా. వచ్చినవాడల్లా ముందు చెంపమీద ఒకటిచ్చి తర్వాత ధర అడిగాడు. అందరూ కుడిచేతివాళ్ళే కాబట్టి ఔరియా ఎడమచెంపకి రెండు పొరలు ఎక్కువ వేసింది. నేనూ కొట్టాను. దాచేదేముంది?

ఆ ముప్పై ఒకటిన వాన కొట్టింది. ఒక ఉపాధ్యక్షుడు టార్పాలిన్ పట్టా కిందనుంచి జారి తడిసి ముద్దయ్యాడు. తడి పొట్టు అంటుకోదు. ఆరాక కాలుద్దామని ఔరియా అతణ్ణి వెనక కొట్లో పడేసి మరిచిపోయింది. మా వీధిలో ఇంతకంటే పెద్ద తప్పు లేదు. కాలని ఏడాది కదలకుండా ఇంట్లోనే కూర్చుంటుందంటారు. మార్చిలో చీపురు వెతుకుతుంటే దొరికాడు, గ్లాసు చేతిలో పట్టుకుని.

ఏప్రిల్లో అసలు మనిషి అధ్యక్షుడితో తగువు పెట్టుకున్నాడు. మేలో అధ్యక్ష పదవికి తానే నిలబడుతున్నానన్నాడు.

వీధి వీధంతా ఔరియా మీద పడింది. "దోన్యా ఔరియా, కాల్చమంటే కొట్లో పెట్టి మేపావా?" అన్నాడు ఒసియాస్, మర్యాదకి దోన్యా తగిలించి. "మా అత్తని కూడా ఓ ఏడు నీ కొట్లో పెట్టు, లేచి తిరుగుతుందేమో."

"మీ అత్త బాగానే తిరుగుతోంది. నిన్ను చూసే మంచం ఎక్కుతోంది" అంది ఔరియా.

జూన్ వరదల్లో అతను మా వైపు వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని బురదలో నడిచి, నా బల్లమీద కూర్చుని, చేపా కర్రపెండలం చారు రెండు గిన్నెలు తాగాడు. రెండో గిన్నె వద్దనలేదు, ఉల్లిపాయలు ఇంకొన్ని వెయ్యమన్నాడు. నన్ను అమ్మా అన్నాడు. అప్పుడు తీసిన ఫోటో నా పొయ్యి పైన అంటించాను. నా ఒక్కదాని సంగతే కాదు. జులై కల్లా జనం నోళ్ళు మారాయి. ఆ మూడు గుక్కల నీళ్ళకే కొత్త అర్థం వచ్చింది. పాపం, అధ్యక్షుడు బలవంతాన చెప్పించాడట, మాట గొంతు దాటక నీళ్ళు తాగాడట. మొన్న సిగ్గులేనివాడు ఇవాళ మనసున్నవాడయ్యాడు. గ్లాసు అదే, నీళ్ళు అవే.

ఈ డిసెంబరులో బొమ్మ ముందుకొచ్చినవాళ్ళ చేతులు చూడాలి. కొందరు టై సరిచేశారు. కొందరు ఛాతీమీద తట్టారు. కొందరు పాత అలవాటుగా చెంపకి చెయ్యెత్తి, పక్కవాణ్ణి చూసి, ఆ చేత్తోనే తల గోక్కున్నారు. మొగుడు కొడితే పెళ్ళాం అదే చెంప నిమిరింది.

నేను కూడా ఔరియాకి చెప్పాను. "ఈసారి కాస్త నవ్వు పెట్టవే. ఆ కళ్ళకింద సంచులు తీసెయ్."

"కిందటేడు ఉన్నాయిగా?"

"కిందటేడు వేరు."

"అతని మొహం వేరు కాలేదు కొమాద్రె, నీ మనసు వేరైంది. నీ మనసుకి నేను జిగురు పుయ్యలేను."

రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడోరోజు ఉప్పు అడగడానికి వెళ్ళాను.

ఇరవై ఆరున ఉపాధ్యక్షుడి ప్రచారం చూసే అమ్మాయి వచ్చింది, మిలేనా వియామార్ అని. చదువుకున్న పిల్ల, చేతిలో రెండు ఫోన్లు. ఔరియా దగ్గర అప్పటికి నలభై ఉపాధ్యక్షుడి బొమ్మలు ఉన్నాయి. అన్నీ తీసుకుంటామంది. ధర పెంచి ఇస్తామంది.

"ఏ ఇంటికి?" అంది ఔరియా.

"ఇంటికి కాదండీ. లారీమీద ఊరేగిస్తాం. మీ కొట్లో కాలకుండా మిగిలినాయన కథ మా ఆఫీసంతా చెప్పుకుంటున్నారు. కాలనివాడే గెలుస్తాడు అని పాట కూడా కట్టారు. ఫిబ్రవరిలో ఓట్లయ్యే దాకా ఒక్క బొమ్మ కూడా కాలకూడదు."

ఔరియా చేతులు తుడుచుకుంది. "అమ్మాయీ, అది వానవల్ల జరిగిన తప్పు. నా తప్పుని మీరు పాట కట్టుకుంటారా?"

"తప్పేముంది అందులో? ఆయన్ని కాల్చడం టీవీలో వస్తే బాగుంటుందా?"

"అధ్యక్షుడు కావాలనుకునేవాడు ముందు మా గుమ్మాల్లో కాలాలి. ఎవరూ కాల్చనివాడు ఎవరికీ పట్టనివాడు. మొదటి ఏడు సంచీ తగిలించారు, ఆ రోజు మీరెక్కడున్నారు? ఇంటికొకటి ఇస్తాను. మీ ఇంటికి కావాలంటే తీసుకెళ్ళు, ముప్పై ఒకటిన కాల్చు. నలభై ఇవ్వను."

ఆ పిల్ల కోపం తెచ్చుకోలేదు. ఫోన్ తీసింది. సాయంత్రానికి మా వీధి సంఘం పెద్ద నికనోర్ బహాన్యా దిగాడు. వీధికంతా రేకుల కప్పు వేయిస్తామని ఆ ప్రచారంవాళ్ళు ఇతనికి మాటిచ్చారని మాకు ముందే తెలుసు. మీసం కూడా దువ్వుకొచ్చాడు.

"దోన్యా ఔరియా, మొండితనం వద్దు. వీధి మేలు చూడు."

"వీధి మేలు నీ రేకులా, దోన్ నికనోర్? ముప్పై ఒక్క ఏళ్ళు ఎండలో కూర్చున్నాను. కరిగిపోయానా?"

"అవతలి పార్టీవాళ్ళు నీకేదో ముట్టజెప్పారని అంటున్నారు."

ఔరియా వరసల వెనక్కి వెళ్ళి, ఉపాధ్యక్షుడి బొమ్మలు ఒక్కొక్కటే చంకన పెట్టుకుని ముందుకి తెచ్చి నిలబెట్టింది. ఫుట్‌బాల్ ఆటగాళ్ళు, టీవీ దయ్యాలు అన్నీ వెనక్కి పోయాయి. నలభై మంది ఒకే మొహంతో నికనోర్ వైపు చూస్తున్నారు. ఆ పనికి పావుగంట పట్టింది, అతను నిలబడే ఉన్నాడు.

"ఇప్పుడు వీళ్ళ ముందు అడుగు, ఎవరికి ఎవరు ముట్టజెప్పారో" అంది.

అతను జేబులో చెయ్యి పెట్టాడు. మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకి సంఘం సమావేశానికి రమ్మని కాగితం ఇచ్చి వెళ్ళాడు. సమావేశం నగరం దక్షిణపు కొసన, బస్సులో గంట ప్రయాణం.

ఆ కాగితంలో ఉన్న మెలిక నాకు వెంటనే తెలిసింది. పొద్దున తొమ్మిది దాటాక బొమ్మలమ్మే చోట కుర్చీ ఖాళీగా ఉంటే ఆ చోటు వదులుకున్నట్టేనని మా సంఘం నియమం. వీధిలో అమ్ముకునేవాళ్ళెవరైనా ఆ కుర్చీలో కూర్చుంటేనే చోటు నిలుస్తుంది. ఔరియా సమావేశానికి వెళ్తే కుర్చీ ఖాళీ. వెళ్ళకపోతే, పిలిస్తే రాలేదని అక్కడే ఆమె పేరు కొట్టేస్తారు. ఏడాదంతా ఆ ఇంటికి తిండిపెట్టేది డిసెంబరులో ఈ పదిరోజులే.

ఒసియాస్ తను కూర్చుంటానన్నాడు. అతను అవతలి పార్టీ మనిషి, చొక్కా కూడా వాళ్ళదే. ఔరియా తల అడ్డంగా ఊపింది. చీకటి పడకముందే నా పొయ్యి దగ్గరికి వచ్చింది. నేను గిన్నెలు తోముతున్నాను. అతని ఫోటో వైపు కాసేపు చూసి, బల్లమీద కూర్చుంది.

"రేపు నా కుర్చీలో నువ్వు కూర్చోవాలి కొమాద్రె."

"నేనా? ఫిబ్రవరిలో నా ఓటు ఎవరికో వీధంతా తెలుసు. అతణ్ణి కాల్చడానికి నేనే అమ్మాలా?"

"వీధంతా తెలుసు కాబట్టే. ఒసియాస్ కూర్చుంటే అవతలివాళ్ళ పని అంటారు. నువ్వు కూర్చుంటే ఏమంటారు?"

తోమిన గిన్నెనే మళ్ళీ తోమాను.

"ఆ ఫోటో తియ్యకు. అది అక్కడే ఉండాలి. పొద్దున ఎనిమిదికల్లా వచ్చి కూర్చో, నీళ్ళకైనా లేవకు. నికనోర్ మనుషులొస్తే నోరు చేసుకోకు, నీకు కష్టమని తెలుసు, పళ్ళ మధ్య ఏదైనా పెట్టుకో. అడిగినవాళ్ళకి ఇంటికొకటి ఇవ్వు. చెంప కొట్టేవాడికీ, ముద్దు పెట్టేదానికీ ఒకటే ధర. మూడో వరసలోవాటికి రంగు ఆరలేదు, వాటిని మధ్యాహ్నం దాకా కదపకు. ఆ అమ్మాయి లారీ వేసుకొస్తే, ఓటు మీకే వేస్తానని నువ్వే మొహంమీద చెప్పు. బొమ్మ మాత్రం ఒక్కటి కూడా లారీ ఎక్కనివ్వకు."