పిట్టకు పెట్టిన రోజు పరీక్ష

మా కోడలు పోయి నేటికి పదహారు రోజులు. కాటేదాన్‌లో పని ముగించుకొని, మా ఊరు పాల్మాకుల వచ్చే బస్సు కోసం నిలబడిన చోటే కుప్పకూలింది. దవాఖానకు చేరేలోపే గుండె ఆగిందని మా అబ్బాయి ఫోన్‌లో చెప్పాడు. ఆమెకు నలభై మూడేళ్ళు. మా ఇంటికి వచ్చి ఇరవై రెండేళ్ళ నాలుగు నెలలు. అంతకాలంలో ఆమె ముఖం మీద నేనామెను మెచ్చుకున్నది రెండుసార్లు. అది చాలదని ఇప్పుడు తెలుస్తోంది.

నేను లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఆమె పదో తరగతి తప్పింది. ఆ తేడాను నేను మరిచిపోలేదు, ఆమెను మరిచిపోనివ్వలేదు. ఆమె సీసాల మూతలు చేసే కార్ఖానాలో మొదట మూతల అంచులు కోసే పనికి చేరి, ఆరేళ్ళలో మిషన్ నడపడం నేర్చుకుంది. సరిగా రాని మూతలను అందరూ గంపలో పారేస్తే, ఈమె ఒకటి కొంగున కట్టుకొని ఇంటికి తెచ్చేది. వంటింటి కిటికీలో పెట్టి, స్టవ్ ముందు నిలబడి దాన్నే చూసేది. మా మనవరాలు అప్పుడు రెండో తరగతి. పక్కన నిలబడి తనూ చూసేది.

"ఏమైందే అమ్మా దానికి?"

"అదే సూస్తున్న బిడ్డా. వేడి తక్కువైందా, నేను అచ్చు జల్ది తెరిసిన్నా?"

కారణం దొరికిన రోజు ఆ మూతను తీసి పారేసేది. దొరకకపోతే వారమైనా అది కిటికీలోనే ఉండేది. చెత్త ఇంట్లోకి తెస్తోందని నేను విసుక్కునేదాన్ని.

మనవరాలు పెద్దదై, విమానాలు బాగుచేసే పని నేర్చుకుంటానంది. మా ఇంటి మీదుగా రోజూ పోయే వాటిని చూసి పుట్టిన పిచ్చి అనుకున్నాను. కోడలు అలా అనుకోలేదు. "ఇష్టం ఉన్నదంటె సాలదు బిడ్డా. ఇష్టం లేని రోజు గూడ కూసునుడే పని" అంది. కూతురు ఇంగ్లీషు పుస్తకంలో చదివింది తెలుగులో చెప్పాలి, తల్లి రొట్టెలు చేస్తూ వినాలి. "నాకు సమజైతెనే నీకు వచ్చినట్టు." అర్థం కాకపోతే మళ్ళీ మొదటినుంచి చెప్పించేది. ఆ రొట్టెలు కొన్ని మాడేవి. దానికీ నేను సణిగేదాన్ని.

పోయిన ఏడాది లైసెన్సు పరీక్షలో మనవరాలు ఒక పేపరు తప్పింది. నేను ఎర్ర పెన్ను పట్టుకొని ఆ మార్కుల కాగితం ముందేసుకొని, ఇంక ఇది చాలు, టీచర్ ట్రైనింగ్‌కు పంపిద్దామన్నాను. కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"అత్తమ్మా, తప్పింది అది. ఏడ తప్పిందో అదే సూసుకుంటది. మీరు జర ఆ ఎర్ర పెన్ను లోపల వెట్టుండ్రి."

నాకు ఎదురు చెప్పడం అదే మొదలు. మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ తల్లీకూతుళ్ళు ఆ పేపరే ముందేసుకొని కూర్చున్నారు.

మళ్ళీ రాయాల్సిన ఆ పేపరు, ఆమె పోయిన మూడో రోజున వచ్చింది. మా వైపు మూడో రోజు పిట్టకు పెడతారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి, ఆకులో పెట్టి, కాకి ముట్టేదాకా ఇంటివాళ్ళు కదలరు. ఆరు గంటలకే జొన్నరొట్టె, బోటికూర పట్టుకొని ఊరి బయటికి వెళ్ళాం. ఏడైంది. కాకి లేదు.

"గీడ కాకులేడియి? పిట్టలు విమానాలకు తగుల్తయని ఎయిర్‌పోర్టోళ్ళు పొద్దుగాల్నే పటాకులు పేల్సి ఎల్లగొడ్తరు. మొన్న మా మామకు పెడితె పన్నెండు దాటింది" అంది పక్కింటామె.

మా మరిది ఒప్పుకోలేదు. "కాదు వదినా, ఏదో కోరికున్నది ఆమెకు. బిడ్డ పెండ్లి జల్ది చేస్తమని మొక్కుండ్రి, ముట్టుతది."

మా అబ్బాయి చేతులు జోడించి అలాగే మొక్కాడు. కాకి రాలేదు. మనవరాలు నా వైపు చూసింది. ఏడూ ఇరవై. తొమ్మిదికి పట్నంలో పరీక్ష గేటు మూసేస్తారు.

"నువ్వు పో" అన్నాను.

"పిట్ట ముట్టకముందు కడుపున పుట్టిన పిల్ల కదులుతదా వదినా? ఊరేమంటది?"

"ఊరికి పరీక్ష లేదు. దానికున్నది."

"మైల గదా."

"మైల నాకు గూడ ఉన్నది. నేను కూసుంట. అది పోతది."

"సదువుకున్నోళ్ళు గిట్లనే మాట్లాడ్తరు."

"సదువు తప్పినామెనే నాకు గిది నేర్పింది" అన్నాను. అది మూడోసారి మెచ్చుకోవడం. వినడానికి ఆమె లేదు.

మనవరాలు ఇంకా కదల్లేదు. "అమ్మ ఏమనుకుంటదో నాయినమ్మా."

"మీ అమ్మ ఉంటే ఇప్పటికే రెండు మాటలు తిట్టి బండెక్కించేది."

ఆ మాటకు మా అబ్బాయి కళ్ళు తుడుచుకొని బండి స్టార్ట్ చేశాడు.

ఈ పదహారు రోజుల్లో చాలామంది చాలా అన్నారు. తల్లి బూడిద చల్లారకముందే పిల్లను పరీక్షకు తోలిందట ముసల్ది. అవును, తోలాను. ఫలితం ఇంకా రాలేదు. తప్పితే ఎక్కడ తప్పిందో అదే చూసుకుంటుంది. ఎర్ర పెన్ను నేను తీయను. మళ్ళీ అలాంటి రోజు వస్తే మళ్ళీ అలాగే తోలుతాను.

కాకి వచ్చిందని ఆ మధ్యాహ్నం చెప్పారు. ఎన్ని గంటలకో నాకు తెలియదు. ఆకు పక్కనే కూర్చున్నాను గానీ చూడలేదు. వాళ్ళంతా ఆకాశం వైపు తలలెత్తి ఉన్నారు. తలస్నానం చేసి ఆరని జుట్టును ఒక చేత్తో, హాల్‌టికెట్ ఉన్న ప్లాస్టిక్ కవరును ఇంకో చేత్తో పట్టుకొని తండ్రి వెనకాల కూర్చున్న పిల్ల, రోడ్డు మలుపు తిరిగి కనబడకుండా పోయాక కూడా, నేను రోడ్డు వైపే చూస్తున్నాను.